నాలుగు మూలల పువ్వులు

పువ్వును చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య పెట్టి ఒక్కసారి నలిపితే చాలు, అది ఎవరు అల్లిందో మా అత్తగారు చెప్పేసేవారు.

"ఇది సత్యవేణిది. ఇది నూకరత్నానిది, కోడలి మీద కోపంతో అల్లింది" అనేవారు. మొదటి సంగతి ఎప్పుడూ నిజమే. రెండోది ఎంతవరకు నిజమో వెళ్ళి కనుక్కునే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు.

ఆవిడ పేరు కృపావతి. మాది పాలకొల్లు అవతల కాలవ గట్టున ఉన్న వేములలంక. మధ్యాహ్నం అంట్ల పని అయ్యాక మా వీధి ఆడవాళ్ళు లేసు సూది పట్టుకుంటారు. కొస వంపు తిరిగిన ఆ సూదితో తెల్లదారం లాగుతూ అరచేతిలో పట్టేంత పువ్వులు అల్లుతారు. దాన్ని చేతిపని అంటారు. ఆ పువ్వులన్నిటినీ ఒకదానికొకటి కలిపి, బల్ల మీద పరిచే గుడ్డగా చెయ్యడం అతుకుపని. మా వీధిలో చేతిపని సత్యవేణి, నూకరత్నం, దీవెనమ్మ, పెద్దింట్లు, ఈ నలుగురిది. అతుకుపని మా అత్తగారొక్కరిదే.

అతుకుపనికి ఒక కట్టుబాటు ఉంది. ఎవరి పువ్వు ఎక్కడ వేసిందీ అతికిన మనిషి పైకి చెప్పకూడదు. నడిమధ్యన ఒకరి పువ్వు పడిందని తెలిస్తే, అంచున పడినావిడ మర్నాటి నుంచి బిందె పట్టుకుని పక్క వీధి కుళాయికి పోతుంది. అందుకే మా అత్తగారికి ఆ పని అప్పజెప్పిన రోజున, వాళ్ళ అత్తగారు బైబిలు మీద చెయ్యి వేయించి మాట తీసుకున్నారట. ముప్ఫై రెండేళ్ళు ఆవిడ ఆ మాట తప్పలేదు.

ఆరేళ్ళ కిందట నీటికాసుల జబ్బు వచ్చి ఆవిడ చూపు చాలావరకు పోయింది. గుమ్మంలో నిలబడ్డ మనిషి ఆవిడకి ఒక నీడ, అంతే. అయినా అతుకుపని మానలేదు. "కళ్ళు పోతే పోయాయి. వేళ్ళున్నాయి కదే" అనేవారు. సాయంత్రం పువ్వుల బుట్ట ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్కటే నలిపి చూస్తుంటే, ఆవిడ ముఖంలో కబుర్లు వింటున్న కళ ఉండేది. దీవెనమ్మకి నడుము నొప్పి తగ్గిందని, సత్యవేణి కూతురికి పరీక్షలు అయిపోయాయని ఆ పువ్వులే చెప్పేవట.

నాకు లేసు అల్లడం రాదు. నేను భీమవరంలో ఒక ప్రయోగశాలలో ఇంజనీరుని. చేతివృత్తుల్ని మాటల్లో, బొమ్మల్లో కాకుండా చేతి కదలికగానే దాచిపెట్టడం మా పని. వీడియో తీసి దాచిన పనులు చాలా ఉన్నాయి. వాటిని చూసి ఎవరూ ఏమీ నేర్చుకోలేకపోయారు. సూది ఎటు తిరిగిందో వీడియో చూపిస్తుంది గానీ, దారం ఎంత లాగిందీ చూపించదు.

దానికోసం మేము ఉంగరం తయారుచేశాం.

* * *

మా డైరెక్టరు శేషగిరిగారు మొదటిసారి మా వీధికి వచ్చినప్పుడు ఉంగరాల పెట్టె మా అరుగు మీదే తెరిచారు. చూపుడువేలికి పెట్టుకునే సన్నటి ఉంగరాలు, లోపల మెత్తటి రబ్బరు.

"పెట్టుకోండమ్మా" అన్నారు.

"మా ఆయన కూడా ఎప్పుడూ ఇంత మర్యాదగా ఉంగరం పెట్టుకోమనలేదండి బాబూ" అంది పెద్దింట్లు. ఆవిడది మా ఎదురిల్లు. నాకు పిన్ని వరస కలిపి పిలవడం అలవాటు. నలుగురూ నవ్వారు. శేషగిరిగారు చెమట తుడుచుకున్నారు.

సత్యవేణిని ఒక రేకు అల్లమన్నాను. ఆవిడ అల్లుతుంటే మిగతా ముగ్గురూ ఒక్కసారి ఉలిక్కిపడి వేళ్ళు చూసుకున్నారు. సత్యవేణి దారం లాగిన ప్రతిసారీ వాళ్ళ ఉంగరాలూ అంతే బిగువుగా వేలిని నొక్కుతున్నాయి.

"ఒసే, నీ చెయ్యి నా ఏలికి తెలుస్తోందే!" అంది పెద్దింట్లు. "ఇనప తీగ లాగుతున్నట్టుంది. దారం ఏం పాపం చేసిందే?"

అదే ఆట. పేరు 'ఒకే పువ్వు'. నలుగురూ తమ తమ ఇళ్ళల్లోనే కూర్చుని ఎవరి పువ్వు వాళ్ళు అల్లుతారు. వంతులవారీగా ఒకరు రేకు అల్లితే మిగతావారు ఆ బిగువును వేలితో విని, తమ పువ్వులో ఆ రేకును అలాగే అల్లాలి. తేడా వస్తే ఉంగరం చిన్నగా బిగుసుకుని సరిచేస్తుంది. ఎనిమిది రేకులూ కలిస్తే నలుగురి ఉంగరాలూ ఒకేసారి వెచ్చబడతాయి, ఫోనులో గంట మోగుతుంది, ఆ పువ్వు అల్లిన చేతి కదలిక మా ప్రయోగశాల నిధిలో చేరుతుంది. రేపెప్పుడో, సూది మొహం కూడా చూడని పిల్ల ఎవరైనా ఉంగరం పెట్టుకుంటే ఆ చేతులు దాని వేలికి నేర్పుతాయి.

వేలిని సరిచేసే ఆ చిన్న బిగుతు నా ఆలోచనే. కలవని పువ్వులు నిధిలోకి వెళ్ళకూడదన్నదీ నేను పెట్టిన నియమమే.

వెళ్ళే ముందు శేషగిరిగారు మా అత్తగారి వైపు తిరిగి, "మీరేం చేస్తారమ్మా?" అని అడిగారు.

"నాదేముందండీ. వాళ్ళు అల్లినవి అతుకుతాను" అన్నారు ఆవిడ.

ఫారంలో కళాకారుల సంఖ్య అన్న చోట నేను నాలుగు అని రాశాను.

* * *

ఆ తరవాత మా ఇంట్లో సాయంత్రం నాలుగు గంటలకి రేడియో అవసరం లేకపోయింది. ఆట సాగుతుంటే నలుగురి మాటలూ మా అరుగు మీది స్పీకరులో వినిపించేవి. నా పని ఇంటి నుంచే కాబట్టి నేను లోపల కంప్యూటరు ముందుండేదాన్ని. మా అత్తగారు చిక్కుడుకాయలు గిల్లుతూ వినేవారు.

"దీవెనమ్మొదినా, నువ్వు నిద్దరోతున్నావా? ఉంగరం నొక్కట్లేదు."

"పాలు పొంగుతుంటే లేచానే. నువ్వు నోరు మూసుకుని అల్లు, కలుస్తుంది."

"నోరు మూసుకుంటే నా చెయ్యి కూడా ఆగిపోద్ది."

అది నిజం. పెద్దింట్లు మాట్లాడుతూ అల్లేది, మాటతోపాటు దారం జారేది. అందుకే ఆవిడ పువ్వులు వదులుగా ఉండేవి. వీధిలో వాటికి దోమతెరలని పేరు. కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో వాళ్ళ అత్తగారు ఆవిడ అల్లిన పువ్వుల్ని ఎదురుగానే విప్పేసి, దారం ఉండ చుట్టి చేతిలో పెట్టేదట. పెద్దింట్లు ఈ సంగతి నవ్వుతూనే చెప్పేది, కానీ ప్రతి ఏడాదీ చెప్పేది.

మొదటి వారాల్లో ఆట ఎప్పుడూ ఆవిడ రేకు దగ్గరే పాడయ్యేది. "వచ్చిందమ్మా దోమతెర" అని మిగతా ముగ్గురూ గోలచేసేవారు. మా అత్తగారు కూడా చిక్కుడుకాయలు పక్కన పెట్టి నవ్వేవారు.

ఏడో వారంలో ఒక సాయంత్రం గంట మోగింది. పెద్దింట్లు ఇంట్లోంచి కేక వినిపించింది. మరుక్షణం సూదీ దారం చేత్తోనే వీధి దాటి పరుగెత్తుకొచ్చింది.

"కలిసిందొదినా! నా ఉంగరం ఎచ్చబడింది. చూడు, ముట్టుకుని చూడు."

మా అత్తగారు ఆవిడ వేలు పట్టుకుని చూశారు. "అవునే, వెచ్చగా ఉంది" అన్నారు. పెద్దింట్లు అరుగు మీద కూలబడి పైటచెంగుతో కళ్ళొత్తుకుంది. యాభై మూడేళ్ళ మనిషి.

ఆ తరవాత గంట రోజూ మోగింది. ప్రయోగశాల గోడ మీద నలుగురి చేతి బిగువు నాలుగు రంగుల గీతలుగా కనిపించేది. మొదట్లో అవి చెదిరిన వెంట్రుకల్లా ఉండేవి. నెలనెలా దగ్గరికి జరిగాయి. ఆరో నెలలో నాలుగూ ఒకే గీతైపోయాయి. ఆ రోజు మేమందరం చప్పట్లు కొట్టాం. శేషగిరిగారు తాపేశ్వరం కాజాలు తెప్పించారు. మరో మూడు వారాల్లో మా పనికి డబ్బిచ్చే సంస్థ నుంచి సమీక్ష బృందం రానుంది. చూపించడానికి ఒక గుడ్డ కావాలంటే, కలిసిన పువ్వులన్నీ తెచ్చి మా అత్తగారి బుట్టలో పోశాను.

* * *

ఆ బుట్ట పదిరోజులు అలాగే ఉంది.

"దారం బాగోలేదే" అన్నారు ఓసారి. "చెయ్యి చెమట పడుతోంది" అన్నారు మరోసారి. తరవాత ఎలాగో అతికి ఇచ్చారు గానీ, ఇచ్చేటప్పుడు మడత విప్పి చూపించలేదు. ముప్ఫై రెండేళ్ళలో ఆవిడ గుడ్డ విప్పకుండా ఇవ్వడం అదే మొదటిసారని మా ఆయన అన్నారు. నేను పట్టించుకోలేదు.

ఆవిడ మాట్లాడటం తగ్గించారు. చారులో ఉప్పు రెండుసార్లు వేశారు. ఒకరోజు వంటింట్లో బియ్యం డబ్బా ముందు కూర్చుని గింజల్ని వేళ్ళ మధ్య పెట్టి నలుపుతూ కనిపించారు.

"ఏం చేస్తున్నారత్తయ్యా?"

"ఏంలేదే." గింజలు డబ్బాలో వదిలేసి, "ప్రశాంతీ, వేళ్ళకి డాక్టరుంటాడా?" అన్నారు.

"నొప్పా?"

"నొప్పయితే బాగుండును." గొంతు తగ్గించారు. "మొద్దుబారిపోయినట్టున్నాయి. పువ్వు పట్టుకుంటే ఎవరిదో తెలియట్లేదు. సత్యవేణిదా అంటే అవుననిపిస్తుంది, దీవెనమ్మదా అంటే అదీ అవుననిపిస్తుంది. రెండు నెలల్నించీ ఇంతే. కళ్ళు పోయినప్పుడు దేవుణ్ణి ఏమీ అనలేదు. ఇవి కూడా పోతే ఎలాగే? వాళ్ళు నలుగురూ నాకు ఎలా కనపడతారు?"

బీరువా మీద ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉంటుంది. గుడ్డ పూర్తయ్యాక మిగిలిపోయిన పువ్వుల్ని ఆవిడ అందులో వేస్తుంటారు. దాన్ని దింపి, అడుగు నుంచి ఒక పువ్వు తీసి ఆవిడ చేతిలో పెట్టాను.

ఆవిడ నలిపారు. వెంటనే తల పైకెత్తారు.

"నూకరత్నం. వాళ్ళబ్బాయి కడుపులో ఉన్నప్పటిది."

ఇంకొకటి ఇచ్చాను.

"సత్యవేణి. ఇంకా పెళ్ళికాలేదు."

మరొకటి.

"ఇది మన దోమతెర." ఆవిడ ముఖం విప్పారింది. "ఎక్కడివే ఇవన్నీ? తెలుస్తున్నాయే! వేళ్ళు బాగానే ఉన్నాయే!"

కిందటి వారం పువ్వొకటి తెచ్చి అదే చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని నలిపారు, తిప్పి నలిపారు, చెంపకి ఆనించుకున్నారు. విప్పారిన ముఖం మెల్లగా మూసుకుపోయింది.

"ఇది ఎవరిదీ కాదు" అన్నారు.

బియ్యం డబ్బా పక్కన నేనూ కూర్చుండిపోయాను. ఆవిడ వేళ్ళకి ఏ జబ్బూ రాలేదు. జబ్బు ఉంగరంలో ఉంది. నలుగురి చేతుల్నీ రోజుకి రెండు గంటల చొప్పున ఆరు నెలలు సరిచేసి, సరిచేసి, నేను ఒక్క చెయ్యిగా మార్చేశాను.

* * *

మర్నాడు ప్రయోగశాలకి రెండు గుడ్డలు పట్టుకెళ్ళాను. ఒకటి సమీక్ష కోసం అతికింది. రెండోది మా పెళ్ళైన ఏడాది అతికిన పాతది. శేషగిరిగారి గదిలో పక్కపక్కనే ఉన్న రెండు బల్లల మీద పరిచాను.

పాతది బల్ల మీద పడగానే పరుచుకుంది. మూలలు నాలుగూ మెత్తగా కిందికి జారాయి. కొత్తది బల్ల మీద చక్కగానే ఉంది. మూలల దగ్గర మాత్రం అప్పడంలా నిక్కబొడుచుకుని నిలబడింది. ఆయన చేత్తో అదిమారు. వదలగానే మళ్ళీ లేచింది.

"ఇస్త్రీ చేయిద్దాం" అన్నారు.

"చేయించాను సార్."

ఉన్నదంతా చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి విన్నారు.

"వాళ్ళ చెయ్యి మెరుగుపడిందమ్మా. అదెలా తప్పవుతుంది?"

"మనం నలుగురి చేతులు దాస్తామని చెప్పాం. దాచింది ఒక్క చెయ్యి. ఆ చెయ్యి గల మనిషి మా ఊళ్ళో లేదు."

"పోనీ, మొదటి వారాల ఆటలున్నాయిగా? అవి చూపిద్దాం."

ఆ మాట వస్తుందని నాకు తెలుసు. "అవి కలవని పువ్వులు సార్. కలవనివి నిధిలోకి వెళ్ళవు. నేనే చెరిపేశాను."

ఆయన లేచారు. కొత్త గుడ్డ మూలని మళ్ళీ అదిమారు. అది మళ్ళీ లేచింది.

"పాతదానికి మూలలెందుకు జారుతున్నాయి?" అని అడిగారు. ఆయనలో నాకు నచ్చే గుణం అదే. అడగాల్సిన ప్రశ్న ఆలస్యంగానైనా అడుగుతారు.

"నాకు తెలీదు సార్. మా అత్తగారికి తెలుసు. కానీ చెప్పకూడదు."

సమీక్ష ఒక నెల వాయిదా వేయమని ఆయన ఉత్తరం రాశారు.

* * *

ఉంగరాల్లో ఆ బిగుతు తీసేశాను. అవి ఇప్పుడు వింటాయి, అంతే. సరిచెయ్యవు. నలుగురినీ మా అరుగు మీద కూర్చోబెట్టి, జరిగిందంతా చెప్పి క్షమించమన్నాను. ఆట మాని, ఉంగరాలు తీసేసి మీ పద్ధతిలోనే అల్లండి, పాత చెయ్యి తిరిగొస్తుందేమో చూద్దాం అన్నాను.

సత్యవేణి చెయ్యి పదిరోజుల్లో వచ్చేసింది. ఆవిడ స్వభావమే బిగువు. నూకరత్నానిది మూడు వారాలు పట్టింది. దీవెనమ్మది కొంచెం కొంచెంగా దారికొచ్చింది.

పెద్దింట్లు ఉంగరం తియ్యనంది.

"నువ్వు చదువుకున్నదానివి, నీకెలా చెప్పాలో నాకు తెలీదు గానీ ప్రశాంతీ," అంది, "యాభయ్యేళ్ళకి నా చెయ్యి బాగుపడింది. మళ్ళీ పాడుచేసుకోమంటావేంటి? మా అత్త బతికుంటే ఈ పువ్వులు తీసుకెళ్ళి దాని మొహాన కొట్టేదాన్ని. అలాంటివి అల్లుతున్నాను నేనిప్పుడు."

"పాడని కాదు పిన్నీ..."

"దోమతెర అంటే మరేంటి? పొగడ్తా?"

ఆవిడ తప్పేమీ మాట్లాడలేదు. బిగుతు తీసేసిన ఉంగరం తనని సరిచెయ్యట్లేదని కూడా ఆవిడకి తెలుసు. అయినా వేలికే ఉంచుకుంది.

లోపల్నించి మా అత్తగారు గోడ పట్టుకుంటూ వచ్చారు. చేతిలో ఆ పాత గుడ్డ ఉంది. అరుగు మీద దాన్ని పరిచి, వేళ్ళతో తడుముకుంటూ ఒక మూల పట్టుకున్నారు.

"పెద్దింట్లూ, ఇలా రా. ఈ పువ్వు ఎవరిదో చెప్పు."

"నాకేం తెలుసొదినా? నీ ఏళ్ళు నాకెక్కడివి?"

"లాగి చూడు."

పెద్దింట్లు రెండు వేళ్ళతో పట్టుకుని లాగింది. పువ్వు సాగి, వదలగానే మెల్లగా సర్దుకుంది.

"నడిమధ్యది కూడా లాగు."

అది సాగలేదు.

"మళ్ళీ మూలది లాగు."

పెద్దింట్లు లాగింది. ఈసారి వదల్లేదు. "ఇది... నాదా?"

"నీదే."

"ఈ మూల?"

"నీదే."

ఆవిడ అరుగు చుట్టూ తిరిగి మూడో మూలా నాలుగో మూలా లాగి చూసింది. ప్రతిసారీ మా అత్తగారి మొహం వైపు చూసింది. మా అత్తగారు తల ఊపారు.

"మూల దగ్గర గుడ్డ వంగాలే. బిగువు పువ్వు వేస్తే కర్రలా నిలబడుతుంది. సత్యవేణిది వేసి చూశాను, దీవెనమ్మది వేసి చూశాను. వంగేది నీదొక్కటే. నువ్వు ఈ వీధికి వచ్చిన దగ్గర్నుంచీ, నా చేతిలోంచి వెళ్ళిన ప్రతి గుడ్డకీ నాలుగు మూలలూ నువ్వే."

ముప్ఫై రెండేళ్ళ మాట తప్పేసి, మా అత్తగారు గుడ్డ మూలల్ని మడతపెట్టడం మొదలుపెట్టారు.

పెద్దింట్లు లేచి నిలబడింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కోపంతో ఊగిపోయింది.

"ఈళ్ళందరూ దోమతెర, దోమతెర అని నవ్వుతుంటే నువ్వు ఊరుకున్నావా? ఊరుకోవడం కూడా కాదు. ఆళ్ళతోపాటు నువ్వూ నవ్వావు కదొదినా!"

"మాటిచ్చానే..."

"నీ మాట మండిపోనూ! ఒక్కసారి నా చెవిలో చెప్తే ఏం పోయేది? మూలలు నీవే పెద్దింట్లూ, అంటే నేను ఊరంతా దండోరా ఏసేదాన్నా?"

"వేసేదానివే" అన్నారు మా అత్తగారు.

పెద్దింట్లు విసవిసా వీధి దాటి వెళ్ళిపోయింది. తలుపు దబాలున వేసుకుంది. వేలికున్న ఉంగరం మాత్రం వెళ్ళే ముందు మా అరుగు మీద పడేసింది.

రెండు రోజులు మా ఇంటి వైపు చూడలేదు. మూడో రోజు గిన్నెడు పనసపొట్టు కూర పంపింది. ఆవపెట్టి వండింది. మా అత్తగారు ముద్ద నోట్లో పెట్టుకుని, "కోపం సగం తగ్గింది. ఆవ ఎక్కువేసింది, కారం తగ్గించింది" అన్నారు.

* * *

కొత్త ఆట మా అత్తగారిదే. నేను నియమాలు మాత్రం రాశాను. పేరు 'ఎవరి పువ్వు'. నలుగురిలో ఒకరు రేకు అల్లుతారు, ఎవరన్నది చెప్పరు. ఆ బిగువు మా అత్తగారి ఉంగరానికి అందుతుంది. అల్లింది ఎవరో ఆవిడ చెప్పాలి. సరిగ్గా చెబితే గంట మోగుతుంది. ఆవిణ్ణి బోల్తా కొట్టించడానికి వీళ్ళు ఒకరిలా మరొకరు అల్లుతారు. సత్యవేణి ఊపిరి బిగబట్టి వదులుగా అల్లాలని చూస్తుంది. దీవెనమ్మ ఎడమచేత్తో కూడా ప్రయత్నించింది.

"ఇది సత్యవేణి. నూకరత్నంలా నటిస్తోంది" అంటారు మా అత్తగారు. గంట మోగుతుంది. స్పీకరులో తిట్లు వినపడతాయి.

ఇప్పుడు కలిసినవీ కలవనివీ అన్నీ నిధిలోకి వెళ్తున్నాయి. ఫారంలో కళాకారుల సంఖ్య ఐదని దిద్దాను. సమీక్షకి వచ్చినవాళ్ళు రెండు గుడ్డల్నీ చూశారు. ఒకాయన నిక్కబొడుచుకున్న మూలని చాలాసేపు వేలితో నొక్కుతూ కూర్చున్నారు. పని కొనసాగించమన్నారు. చెరిగిపోయినవి మాత్రం తిరిగిరావు. దీవెనమ్మ అల్లికలో గొలుసు కుట్టు చివర చిన్న తొట్రుపాటు ఉండేదట. అది ఇక రాలేదు. అది ఎలా ఉండేదో మా అత్తగారి వేళ్ళకీ, బిస్కెట్ల డబ్బాకీ మాత్రమే తెలుసు. డబ్బాలో పువ్వుల్ని ఇప్పుడు రోజుకొకటి చొప్పున ఆవిడ చేత నలిపించి, ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకుంటున్నాను. కోపాలూ కాన్పులూ సహా.

మా అత్తగారు అతుకుతున్నప్పుడు కూడా ఉంగరం పెట్టుకుంటారు. దానికి ఆవిడ ఒక షరతు పెట్టారు. ఏ పువ్వు ఎక్కడ వేసిందీ ఉంగరం వినొచ్చు, దాచొచ్చు. తామైదుగురూ ఈ లోకం విడిచి వెళ్ళిపోయేదాకా అది ఎవరికీ చెప్పకూడదు. శేషగిరిగారు ఒప్పుకుని సంతకం పెట్టారు. బైబిలు మీద చెయ్యి వెయ్యమని కూడా అడిగారావిడ. పాపం, ఆయన వేశారు.

నిన్న మధ్యాహ్నం బుట్ట వచ్చింది. మా అత్తగారు ఒక్కొక్క పువ్వే నలుపుతున్నారు. పెద్దింట్లు మా అరుగు మీదే కూర్చుని, పిల్లల చదువుల గురించి, నీళ్ళ ట్యాంకు గురించి, వాళ్ళాయన గురక గురించి ఆపకుండా మాట్లాడుతూ అల్లుతోంది. ఇలా మూడు నెలల్నించీ అల్లుతోంది.

మా అత్తగారు ఒక పువ్వు దగ్గర ఆగారు. నలిపారు. లాగి చూశారు. మళ్ళీ నలిపారు.

పెద్దింట్లు మాట ఆగింది. అలా ఆగడం చాలా అరుదు.

"ఇది పెద్దింట్లుది" అన్నారు మా అత్తగారు.

"తెలిసిందా?"

"తెలిసింది. ఇంకా కాస్త బిగువుంది. అసలు దోమతెర కాదు." మళ్ళీ లాగారు. "అయినా వంగుతోంది."

పెద్దింట్లు సూది ఒళ్ళో పెట్టుకుని ముందుకి జరిగింది. "అయితే ఎక్కడ ఏత్తన్నావొదినా?"

మా అత్తగారు పువ్వును పక్కన పెట్టుకుని, దారం ఎక్కించమని సూదిని నా వైపు చాపారు.

"చెప్పకూడదే. అతుకుపని కట్టుబాటు నీకు తెలీదూ?"

"ఓసినీ, మళ్ళీ మొదలెట్టావా!"

పెద్దింట్లు గొణుక్కుంటూ మళ్ళీ సూది అందుకుంది. రెండు నిమిషాల్లో నీళ్ళ ట్యాంకు కబురు ఆగిన చోటి నుంచే సాగింది. మా అత్తగారు తల వంచుకుని అతకడం మొదలుపెట్టారు. ఆవిడ వేళ్ళు గుడ్డ అంచు వెంబడి మెల్లగా జరుగుతూ వెళ్ళి, ఒకచోట ఆగాయి. అది ఎక్కడో నేను చూశాను. ఉంగరమూ విన్నది. మేమిద్దరం ఎవరికీ చెప్పం.